మా మేనల్లుడు ప్రొఫెషనల్ బాక్సర్ అవుతానంటున్నాడు: ఆ బతుకు ఎలా ఉంటుందో తెలిసినవారు చెప్పగలరు

అంబాజీపేట_కొబ్బరి
మా అక్క కొడుకు కాకినాడలో డిగ్రీ చదువుతూ సాయంత్రం పూట బాక్సింగ్ సాధన చేస్తున్నాడు. రాష్ట్ర స్థాయి పోటీల్లో కాంస్యం కూడా తెచ్చుకున్నాడు. 2025 జనవరిలో మన దేశపు బాక్సర్ నిశాంత్ దేవ్ లాస్ వేగాస్‌లో తన తొలి ప్రొఫెషనల్ బౌట్‌ను మొదటి రౌండ్‌లోనే ముగించిన వీడియో చూసినప్పటి నుంచి, చదువు ఆపేసి తానూ ప్రొఫెషనల్ అవుతానని పట్టుపట్టి కూర్చున్నాడు. అక్క ఏడుస్తోంది, బావగారు వాడితో మాటలు మానేశారు, మేనమామను గనుక నచ్చజెప్పే పని నా నెత్తిన పడింది. కొబ్బరి ధర ఎందుకు పడిందో అడిగితే గంట సేపు చెప్పగలను గాని, ఈ ఆట గురించి నాకు తెలిసింది సున్నా. ఇంటర్నెట్‌లో వెతికితే బెల్టులూ, కార్లూ తప్ప మరేమీ కనిపించడం లేదు. ప్రొఫెషనల్ బాక్సర్ జీవితం మొదటి బౌట్ నుంచి చివరి బౌట్ దాకా ఎలా నడుస్తుంది, డబ్బు ఎవరిస్తారు, ఎన్నేళ్లు ఆడతారు, చివరికి ఏం మిగులుతుంది అన్నది తెలిసినవారు చెప్పండి. నీతులు మా ఇంట్లో ఇప్పటికే చాలా ఉన్నాయి, నాకు విషయం కావాలి.

సెకండ్_షో
ఫిలిప్పీన్స్ బాక్సర్ మ్యానీ పకియావ్ కథ ఒక్కటి చాలు. పద్నాలుగేళ్లకు ఇల్లు వదిలి మనీలా వీధుల్లో పడుకున్న కుర్రవాడు ఎనిమిది బరువు విభాగాల్లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, ఆ తరువాత సెనేటర్ కూడా అయ్యాడు. మేనల్లుడిని ఆపకండి.

పాత_గ్లవ్స్
నేను అమెచ్యూర్‌గా, అంటే డబ్బుకు కాక పతకాలకు ఆడి, ఆ ఆటతోనే రైల్వేలో ఉద్యోగం తెచ్చుకున్నవాడిని. ఇప్పుడు రాజమండ్రిలో ఉంటున్నాను. ప్రొఫెషనల్ రింగ్ నేను ఎక్కలేదు గాని, మాతో ఆడినవారిలో ఒకరిద్దరు ఎక్కారు. తేడా ఎక్కడుందో చెబుతాను.

అమెచ్యూర్‌లో మూడేసి నిమిషాల రౌండ్లు మూడే ఉంటాయి. చీటీ తీస్తే ఎవరు తగిలితే వారితో ఆడాలి, పతకం కావాలంటే కొద్ది రోజుల్లోనే వరసగా నాలుగైదు బౌట్లు గెలవాలి. ప్రొఫెషనల్‌లో నాలుగు రౌండ్ల బౌట్లతో మొదలుపెట్టి, ఆరు, ఎనిమిది, పది రౌండ్లు దాటుకుంటూ టైటిల్ పోరుకు పన్నెండు రౌండ్ల దాకా వెళతారు. ఇక్కడ ఆ చీటీ ఉండదు. ప్రత్యర్థి ఎవరో ముందే కుదురుతుంది. ఆ ప్రత్యర్థిని ఎవరు, ఎవరి లాభం కోసం కుదురుస్తున్నారన్నదే ఈ బతుకు మొత్తంలో అసలు సంగతి. బౌట్లు ఏర్పాటు చేసే పెద్ద ప్రమోటర్ దగ్గర సంతకం చేసిన కుర్రవాడికి, వాడు గెలవగలిగినవారిని ఏరి తెస్తారు. వాడి ఖాతాలో పది, పదిహేను గెలుపులు చేరితే టికెట్లు అమ్ముడవుతాయి. మరి ఆ గెలుపుల కోసం అవతల నిలబడి ఓడేవారు ఎవరు? వారూ ప్రొఫెషనల్ బాక్సర్లే, వారికీ ఇల్లూ పిల్లలూ ఉంటారు.

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కు చెందిన పీటర్ బక్లీ 300 బౌట్లు ఆడాడు. 32 గెలిచాడు, 256 ఓడాడు, 12 సమానంగా ముగిశాయి. తరువాతి కాలంలో ప్రపంచ ఛాంపియన్ అయిన నసీమ్ హమీద్ కూడా కుర్రతనంలో బక్లీ మీద చేయి సాధించుకున్నవాడే. బక్లీ పనితనమంతా దెబ్బ పెద్దగా తగలకుండా పాయింట్ల మీద ఓడటంలో ఉంది. దెబ్బ తగిలి పడిపోతే వైద్య నియమాల ప్రకారం కొన్నాళ్లు ఆడనివ్వరు, ఆడకపోతే కూలి ఉండదు. 2008లో చివరి బౌట్ గెలిచి మానేశాడు. నా లెక్కలో ఆయన గొప్ప వృత్తి నిపుణుడే. అయితే మీ మేనల్లుడు చూసిన వీడియోలో అలాంటివారి పేరు రెండు సెకన్లు కనిపించి మాయమవుతుంది.

కాబట్టి వాడిని ముందు ఒకటి అడగండి: నీ కోసం ప్రత్యర్థిని వెతుకుతున్నారా, ఎవరికో ప్రత్యర్థిగా నిన్ను వెతుకుతున్నారా?

భీమవరం_ముసుగు
మా వైపు సంక్రాంతి బరుల్లో ముసుగు పందెమని ఒకటి, చూపుడు పందెమని ఒకటి ఉంటాయి. ముసుగులో అవతలి కోడి ఏమిటో చివరి దాకా తెలియదు, చూపుడులో ముందే చూసుకుని జత కుదుర్చుకుంటారు. పాత_గ్లవ్స్ గారు చెప్పినదాన్ని బట్టి అమెచ్యూర్ ముసుగు, ప్రొఫెషనల్ చూపుడు అన్నమాట. కోడికి మాత్రం రెండింటిలోనూ వాటా లేదండి.

నర్సాపురం_లేసు
కోడి సంతకం చేయదు, బాక్సర్ చేస్తాడు. ఆ పోలిక అక్కడితో ఆపితే అందరికీ మంచిది.

భీమవరం_ముసుగు
ఆయ్, ఆపేశానండి.

లంక_మాస్టారు
బర్మింగ్‌హామ్ సంగతి సరే, మన దేశంలో ఈ దారి తొక్కినవారిలో అందరికీ తెలిసిన విజేందర్ సింగ్ లెక్క ముందు చూడండి. హరియాణాలోని భివానీ దగ్గర కలువాస్ అనే ఊళ్లో, ఆర్టీసీ బస్సు డ్రైవరు కొడుకుగా 1985లో పుట్టాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 75 కిలోల విభాగంలో కాంస్యం గెలిచాడు. ఒలింపిక్ బాక్సింగ్‌లో భారతదేశానికి అదే మొదటి పతకం. ఖేల్ రత్న వచ్చింది, పద్మశ్రీ వచ్చింది, హరియాణా పోలీసు శాఖలో డీఎస్పీ ఉద్యోగం వచ్చింది. అన్నీ చేతిలో ఉండగా 2015లో, ముప్ఫై ఏళ్లు నిండబోతున్న వయసులో, ఇంగ్లండ్ ప్రమోటర్ ఫ్రాంక్ వారెన్ సంస్థతో ఒప్పందం చేసుకుని మాంచెస్టర్ వెళ్లి లీ బియర్డ్ అనే శిక్షకుడి దగ్గర చేరాడు. అదే ఏడాది అక్టోబరు 10న తొలి బౌట్‌లో సోనీ వైటింగ్‌ను మూడో రౌండ్‌లోనే ఓడించాడు. 2016 జులైలో ఢిల్లీ త్యాగరాజ్ స్టేడియంలో కెర్రీ హోప్ మీద పది రౌండ్లూ ఆడి, బెల్టులిచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీవో వారి ఆసియా పసిఫిక్ టైటిల్ గెలిచాడు. ఆ రోజు మా స్టాఫ్ రూములో బాక్సింగ్ గురించి మాట్లాడనివారు లేరు.

ఆ తరువాతి భాగం ఎవరూ మాట్లాడరు. 2017 డిసెంబరులో జైపూర్‌లో ఆడాక 2019 జులై దాకా ఏడాదిన్నర పాటు ఆయనకు ఒక్క బౌట్ కూడా లేదు. ఆ ఏడాది రెండు ఆడి గెలిచాడు. మళ్లీ విరామం. 2021 మార్చిలో గోవాలో ఒక క్యాసినో ఓడ మీద ఏర్పాటు చేసిన రింగ్‌లో రష్యా బాక్సర్ ఆర్తిష్ లోప్సాన్ చేతిలో అయిదో రౌండ్‌లో తొలిసారి ఓడాడు. 2022 ఆగస్టులో రాయపూర్‌లో గెలిచాడు. మొత్తం 14 బౌట్లు, 13 గెలుపులు, ఒక ఓటమి. ప్రపంచ టైటిల్ పోరు ఒక్కటీ దక్కలేదు. ఒలింపిక్ పతకం, దేశమంతా తెలిసిన ముఖం, విదేశీ ప్రమోటర్ ఉన్న మనిషికే ఏడేళ్లలో దొరికినవి 14 బౌట్లు. పతకం లేని కుర్రవాడికి ఎన్ని దొరుకుతాయో మేనమామగారే ఊహించుకోవాలి. మన దేశంలో ప్రొఫెషనల్ బాక్సర్‌ను దెబ్బల కన్నా ఖాళీయే ముందు పడగొడుతుందని నా అభిప్రాయం.

సెకండ్_షో
మాస్టారూ, విజేందర్ ముప్ఫైకి మొదలుపెట్టాడు, ఈ కుర్రవాడికి ఇరవై కూడా నిండినట్లు లేదు. రెండింటికీ పొంతన ఎక్కడ?

లంక_మాస్టారు
వయసు పనికొచ్చే మాటే. అయితే వయసు బౌట్లు తేదు, ప్రమోటర్ తేవాలి.

కువైట్‌లో_రాజోలు
నేనుండే క్యాంపులో సగం మంది ఫిలిప్పీన్స్ వాళ్లే కాబట్టి పకియావ్ గురించి నాకు రోజూ పాఠం జరుగుతుంది. పాత బౌట్ వేసినా సరే, కంచాల ముందు నుంచి లేవరు. వాళ్లు చెప్పేది సెకండ్_షో గారి పోస్టు కన్నా కొంచెం పొడవుగా ఉంటుంది. 1995లో పదహారేళ్లకు మొదటి బౌట్ ఆడినప్పుడు, కావలసిన బరువు లేక జేబుల్లో బరువులు వేసుకుని తూకం ఎక్కాడట. ఈ మాట ఆయనే చెప్పుకున్నాడు. మరుసటి ఏడాదే నాకౌట్ అయ్యాడు. 1998లో థాయిలాండ్ వెళ్లి చాచాయ్ ససాకుల్‌ను పడగొట్టి తొలి ప్రపంచ టైటిల్ తెచ్చుకున్నాడు. మళ్లీ 1999లో అదే థాయిలాండ్‌లో తూకంలో బరువు మించిపోయి టైటిల్ పోగొట్టుకోవడమే గాక, మూడో రౌండ్‌లో నాకౌట్ కూడా అయ్యాడు. అప్పటికి ఆయన ఎవరికీ పెద్దగా పట్టని ఇరవై ఏళ్ల బాక్సర్. 2001లో అమెరికా వెళ్లి శిక్షకుడు ఫ్రెడ్డీ రోచ్ జిమ్‌లో అడుగుపెట్టడం, కొద్ది రోజుల ముందు పిలుపు అందిన టైటిల్ బౌట్‌లో అప్పటి ఛాంపియన్ లెద్వాబాను ఓడించడం జరగకపోయి ఉంటే ఈ రోజు మనం ఆయన పేరు తలచుకునేవాళ్లం కాదు.

నా రూములో ఉండే అతని అన్న కూడా బాక్సరే. జపాన్‌కూ థాయిలాండ్‌కూ పిలిస్తే వెళ్లి, అక్కడి కుర్రవాళ్లతో ఆడి వచ్చేవాడట. ఇప్పుడు ఊళ్లో సైడు కారు తగిలించిన మోటారు సైకిల్ నడుపుతూ మనుషులను చేరవేస్తున్నాడు. పాత_గ్లవ్స్ గారు అడగమన్న ప్రశ్నకు అతనిది రెండో జవాబు.

మరొక్క మాట. ఆ పకియావ్ 2021లో మానేశానని ప్రకటించి, 2025 జులైలో 46 ఏళ్ల వయసులో మళ్లీ రింగ్ ఎక్కి మారియో బారియోస్‌తో పన్నెండు రౌండ్లు ఆడి డ్రా చేసుకున్నాడు. మావాళ్లు ఆ రోజు పండగ చేసుకున్నారు. నాకు మాత్రం భయం వేసింది.

తణుకు_ఆడిటర్
డబ్బు సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను ముట్టుకుంటాను. బౌట్‌కు ఇచ్చే మొత్తాన్ని పర్స్ అంటారు. అందులో మేనేజరు వాటా అమెరికాలోని కాలిఫోర్నియా వంటి చోట్ల మూడో వంతు దాకా ఉండవచ్చు, శిక్షకుడికి పదో వంతు ఇవ్వడం ఆనవాయితీ. స్పారింగ్‌కు, అంటే సాధన కోసం ఎదురు నిలబడి ఆడటానికి వచ్చేవారికి కూలి, శిబిరం ఖర్చు, తిండి, వైద్య పరీక్షలు, లైసెన్సు, టైటిల్ పోరైతే ఆ బెల్టు ఇచ్చే సంస్థకు రుసుము, ఆ పైన పన్ను. పెద్ద పర్స్ వచ్చేవారికి ఇవన్నీ పోయినా మిగులుతుంది. నాలుగు రౌండ్ల కుర్రవాడికి మిగిలేది దారి ఖర్చు, కొన్నిసార్లు అదీ మిగలదు. అందుకే చాలా దేశాల్లో ఈ దశలో ఉన్నవారు పగలు ఏదో ఒక ఉద్యోగం చేస్తూనే ఆడతారు.

పెద్దవారి కథలు ఇంకో రకం. మైక్ టైసన్ 30 కోట్ల డాలర్లకు పైగా సంపాదించి 2003లో దివాలా పిటిషన్ వేశాడు. ఆయనది దుబారా అనుకుందాం. జో లూయిస్ సంగతి చూడండి. 1937 నుంచి 1949 దాకా హెవీవెయిట్ ఛాంపియన్‌గా ఉండి 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్న మనిషి. 1942లో రెండు బౌట్లలో తనకు వచ్చిన డబ్బును అమెరికా నౌకాదళ, సైనిక సహాయ నిధులకు రాసిచ్చాడు. ఆ తరువాత పన్నుల శాఖ బాకీలు లెక్కగట్టింది, వడ్డీ మీద వడ్డీ పెరిగింది, ఆ అప్పు తీర్చడానికే రిటైరైనవాడు మళ్లీ రింగ్ ఎక్కి 1951లో 37 ఏళ్ల వయసులో రాకీ మార్సియానో చేతిలో నాకౌట్ అయ్యాడు. తరువాత కుస్తీ ప్రదర్శనల్లో నిలబడ్డాడు, చివరి రోజుల్లో లాస్ వేగాస్‌లోని ఒక క్యాసినోలో వచ్చేవారికి స్వాగతం చెప్పే కొలువు చేశాడు. నా క్లయింట్లలో రొయ్యల చెరువులవారు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక ఏడాది కోటి, మరుసటి ఏడాది నష్టం అనే ఆదాయంతో ఇల్లు నడపడం ఎంత కష్టమో చూస్తూనే ఉన్నాను. చెరువు పోతే మళ్లీ పిల్ల వేసుకోవచ్చు.

సెకండ్_షో
టైసన్ పులులను పెంచితే అది బాక్సింగ్ తప్పా?

తణుకు_ఆడిటర్
కాదు. అందుకే లూయిస్ కథ అంత పొడవుగా రాశాను.

దవళేశ్వరం_పెద్దాయన
ఇంతసేపూ ఈ చర్చలో మహమ్మద్ అలీ పేరు రాకపోవడం విచిత్రంగా ఉంది. 1980లో ఆయన మన దేశానికి వచ్చాడు. ఢిల్లీలో మన సైనిక బాక్సర్ కౌర్ సింగ్‌తో నాలుగు రౌండ్ల ప్రదర్శన బౌట్ ఆడాడు, మద్రాసులో నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ఆడాడు. అప్పట్లో మద్రాసులో చదువుకుంటున్న మా అన్నయ్య జనంలో నలిగిపోయి చూసి వచ్చి, సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు గట్టు మీద కూర్చోబెట్టి ఆ అడుగులు మాకు వేసి చూపించేవాడు. అందరం నవ్వుకున్నాం, మురిసిపోయాం. అదే ఏడాది అక్టోబరు 2న లాస్ వేగాస్‌లో, ఒకప్పుడు తన దగ్గరే స్పారింగ్ చేసిన లారీ హోమ్స్‌తో అలీ ఆడాడు. ఆ బౌట్‌కు ముందు అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి వైద్యులు పరీక్షించినప్పుడు ఆయన ఒంటికాలి మీద సరిగా గెంతలేకపోతున్నాడని, వేలితో ముక్కు కొసను అందుకోవడంలో తడబడుతున్నాడని నివేదికలో ఉంది. అయినా లైసెన్సు ఇచ్చారు. పది రౌండ్ల పాటు దెబ్బలు తిన్నాక గాని శిక్షకుడు ఏంజెలో డండీ ఆపలేదు. అంతకు మూడేళ్ల ముందే, 1977లో ఎర్నీ షేవర్స్‌తో ఆడిన బౌట్ తరువాత, ఆయన వైద్యుడు ఫెర్డీ పచేకో ఇక ఆడవద్దని చెప్పి, వినకపోతే బృందం నుంచి తప్పుకున్నాడు. 1981 డిసెంబరులో బహామాస్‌లో అలీ మరొకటి ఆడి ఓడిపోయాడు. 1984లో పార్కిన్సన్స్ అని తేల్చారు. అప్పటికి ఆయన వయసు 42.

దీనికి అవతలి ఒడ్డున ఎడ్డీ ఫచ్ ఉన్నాడు. 1975 అక్టోబరు 1న మనీలా ఎండలో అలీ, జో ఫ్రేజర్ పద్నాలుగు రౌండ్లు కొట్టుకున్నారు. ఫ్రేజర్‌కు ఎడమ కన్ను ముందు నుంచే సరిగా కనిపించదు, ఆ రోజు కుడి కన్నూ వాచి మూసుకుపోయింది. ఇంకొక్క రౌండే మిగిలింది, ఫ్రేజర్ లేస్తానంటాడు. శిక్షకుడు ఫచ్ కూర్చోబెట్టి బౌట్ ఆపించేశాడు. రింగ్‌లో మనుషులు చనిపోవడం కళ్లారా చూసినవాడు కనుక ఆపగలిగాడు. ఫ్రేజర్‌కు ఆ కోపం చాలా కాలం పోలేదు.

పాత_గ్లవ్స్ గారు మొదటి ప్రశ్న చెప్పారు. నేను రెండోది చెబుతున్నాను. రౌండుకూ రౌండుకూ మధ్య ఉండే ఆ ఒక్క నిమిషంలో మీ మేనల్లుడి మూలలో నిలబడేది ఎవరు? బౌట్ ఆపమని రింగ్‌లోకి విసిరే టవల్‌ను పర్స్‌లో వాటా ఉన్నవాడే పట్టుకుని నిలబడితే అది ఎప్పుడు గాల్లోకి లేస్తుంది?

నర్సాపురం_లేసు
మా అమ్మాయి కూడా బాక్సింగ్ నేర్చుకుంటోంది, కాబట్టి ఈ చర్చ చదువుతూ గుండె చేత్తో పట్టుకున్నాను. అయినా ఒకటి అడుగుతాను. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ ఛాంపియన్ అయింది. పారిస్ ఒలింపిక్స్‌లో పతకం రాకపోయినా తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. ఆమె ప్రొఫెషనల్‌గా వెళ్లలేదు, పేరుకు ఏమీ తక్కువ కాలేదు. ఆటలోనే ఉండి, పై మెట్టు ఎక్కేదాకా అమెచ్యూర్‌లోనే ఉండవచ్చునన్న మాట ఎవరూ అనరేం? అన్నట్లు, ఇంతమంది కలిసి తీర్పు చెబుతున్న కుర్రవాడిని ఎవరైనా ఏమనుకుంటున్నావని అడిగారా?

రావులపాలెం_డాక్టర్
నర్సాపురం అక్కగారి మాటకు ముందుగా నా ఓటు. ఇక వైద్యం సంగతి. తలకు తగిలే ప్రతి దెబ్బకూ మెదడు పుర్రె లోపల కదులుతుంది. హెడ్‌గార్డ్ కనుబొమ్మలు చిట్లకుండా కాపాడుతుంది గాని, ఈ కదలికను ఆపలేదు. పురుషుల అమెచ్యూర్ పెద్ద పోటీల్లో 2013 నుంచి దాన్ని తీసేశారు కూడా. పదేపదే దెబ్బలు తిన్న బాక్సర్లకు మాట తడబడటం, నడక తూలడం, మతిమరుపు రావడం గురించి 1928లోనే మార్ట్‌లాండ్ అనే అమెరికా వైద్యుడు రాశాడు. ఇది ఏళ్ల తరువాత బయటపడుతుంది కాబట్టి ఆడుతున్నప్పుడు ఎవరికీ పట్టదు.

అప్పటికప్పుడు ప్రాణం తీసేది వేరే ఉంది. 1982 నవంబరు 13న దక్షిణ కొరియాకు చెందిన కిమ్ దుక్ కూ లాస్ వేగాస్‌లో రే మాన్సీనీతో లైట్‌వెయిట్ టైటిల్ కోసం ఆడాడు. బరువు దించుకోవడానికి చాలా కష్టపడ్డాడు. పద్నాలుగో రౌండ్‌లో పడిపోయాడు, మెదడు పైన రక్తం గడ్డకట్టింది, ఆపరేషన్ చేసినా నాలుగు రోజులకు చనిపోయాడు. ఆ తరువాతే బెల్టులిచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీ టైటిల్ పోరును 15 రౌండ్ల నుంచి 12కు తగ్గించింది, మిగతా సంస్థలూ అదే దారి పట్టాయి. తూకానికి ముందు నీళ్లు మానేసి, ప్లాస్టిక్ కోటు తొడుక్కుని పరుగెత్తి చెమట కార్చడం మన కుర్రవాళ్లూ చేస్తున్నారు. ఒంట్లో పోయిన నీరు తూకం అయ్యాక ఒక్క రాత్రిలో పూర్తిగా తిరిగి రాదు. అంబాజీపేట గారూ, మీ మేనల్లుడు మే నెలలో కాలువ గట్టు మీద కోటు తొడుక్కుని పరుగెడుతున్నాడేమో కనుక్కోండి.

అంబాజీపేట_కొబ్బరి
పరుగెడుతున్నాడట. వాడికి ఈ చర్చ మొత్తం చదివించాను. ఓపికగా చదివి, పకియావ్ నాకౌట్ అయి కూడా లేచాడు కదా అన్నాడు. చివర్లో అసలు విషయం బయటపెట్టాడు. గల్ఫ్ నుంచి మేనేజరునని చెప్పుకునే ఒక వ్యక్తి వాట్సాప్‌లో పరిచయమై, వచ్చే నెలలో బౌట్ ఇప్పిస్తానంటూ ఒప్పందం పంపాడట. మూడేళ్ల పాటు మరెవరి దగ్గరా ఆడకూడదు, విమానం టికెట్టు ముందు వీడే కొనుక్కోవాలి, తరువాత పర్స్‌లో కలిపి ఇస్తారట. బావగారికి ఇంకా తెలియదు.

తణుకు_ఆడిటర్
ఆ కాగితం ఫోటో తీసి నాకు పంపండి. సంతకం మాత్రం చేయనివ్వకండి. పర్స్ ఎంత, వాటాలు ఎంత, గాయమైతే వైద్య ఖర్చు ఎవరిది, బౌట్ రద్దయితే టికెట్టు డబ్బు ఎవరిది, మూడేళ్లలో కనీసం ఎన్ని బౌట్లు ఇస్తారు అన్నవి అందులో రాసి ఉన్నాయా? ఆడనివ్వకుండా మూడేళ్లు కట్టేసే ఒప్పందం అన్నిటికన్నా ప్రమాదం.

పాత_గ్లవ్స్
ప్రత్యర్థి పేరు, వాడి గెలుపోటములు, ఎన్ని రౌండ్లు, ఏ బరువు దగ్గర. ఈ నాలుగూ అడిగి వచ్చిన జవాబు ఇక్కడ పెట్టండి.

విదేశం పేరు వినగానే కళ్లు మూసుకుపోయినవారు మనవారిలో ఇంతకు ముందూ ఉన్నారు. లఖా సింగ్ అని పంజాబీ సైనికుడు, 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచి, 1996లో అట్లాంటా ఒలింపిక్స్ కూడా ఆడినవాడు. 1998లో సైనిక బాక్సింగ్ పోటీలకు అమెరికా వెళ్లి, ప్రొఫెషనల్ అవుదామన్న ఆశతో జట్టును వదిలి అక్కడే ఉండిపోయాడు. ఆ ఆశ తీరలేదు. సైన్యం పారిపోయినవాడిగా లెక్కగట్టింది. ఎనిమిదేళ్లు చిల్లర పనులు చేసి, 2006లో తిరిగి వచ్చి లూధియానాలో టాక్సీ నడిపాడు. 2020లో ధ్యాన్‌చంద్ పురస్కారం ఇచ్చారు. అది వచ్చేనాటికి ఆయన అలా చాలా ఏళ్లు గడిపేశాడు.

కువైట్‌లో_రాజోలు
ఆ వ్యక్తి ఏ ఊళ్లో ఉన్నాడో చెబితే ఇక్కడి మనవాళ్లతో వాకబు చేయిస్తాను. పాస్‌పోర్టు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వవద్దని చెప్పండి. ఏజెంట్లను నమ్మి వచ్చి ఇక్కడ చిక్కుకున్న కోనసీమ కుర్రాళ్లను చాలామందినే చూశాను.

కాకినాడ_లెఫ్ట్_హుక్
అంబాజీపేట_కొబ్బరి మావయ్య మేనల్లుడిని నేనే. నన్ను అడగమన్న నర్సాపురం ఆంటీకి ధన్యవాదాలు, కోడితో పోల్చిన భీమవరం అంకుల్‌కు కూడా. పాత_గ్లవ్స్ సార్ చెప్పిన నాలుగు ప్రశ్నలూ పంపించాను. జవాబు ఇది: ప్రత్యర్థి తొమ్మిది బౌట్లు ఆడి తొమ్మిదీ గెలిచినవాడు, వాడిది ఆ ఊరే. ఆరు రౌండ్లు. నేను 63 కిలోల దగ్గర ఆడతాను, వాళ్లు 67 అన్నారు. వైద్య పరీక్షలు అక్కడికి వెళ్లాక చూద్దామన్నారు.

ఈ ఒప్పందం మీద సంతకం చేయను. బాక్సింగ్ మాత్రం మానను. మన బాక్సర్ వికాస్ కృష్ణన్ 2019లో అమెరికాలో రెండు ప్రొఫెషనల్ బౌట్లు గెలిచి, తిరిగి అమెచ్యూర్‌కు వచ్చి టోక్యో ఒలింపిక్స్‌లో ఆడాడు. 2016 నుంచి ప్రొఫెషనల్స్‌ను ఒలింపిక్స్‌కు అనుమతిస్తున్నారు కదా, అలాంటప్పుడు ముందు అటు వెళ్లి తరువాత ఇటు రావడంలో తప్పేమిటి?

పాత_గ్లవ్స్
తప్పు లేదు. అయితే వికాస్ వెళ్లేనాటికి అతని దగ్గర కామన్వెల్త్ స్వర్ణం, ఆసియా క్రీడల పతకాలు ఉన్నాయి కాబట్టి పెద్ద ప్రమోటర్ పిలిచాడు, తిరిగి వస్తే జట్టు తీసుకుంది. నిశాంత్ దేవ్ కూడా ప్రపంచ కాంస్యం గెలిచి, పారిస్ క్వార్టర్ ఫైనల్ దాకా ఆడాకనే వెళ్లాడు. జాతీయ పోటీల్లో నీ బరువులో ఎక్కడ నిలబడతావో ముందు చూసుకో. ఆ తరువాత ఎవరైనా పిలిస్తే ధర నువ్వు చెప్పవచ్చు. 63 కిలోలవాడిని తొలి బౌట్‌లోనే ఆరు రౌండ్లకు, 67 దగ్గర, ఓటమి లేనివాడి మీదికి, వాడి ఊళ్లోనే పిలిచారంటే పదో గెలుపు కోసం మనిషి కావాలన్నమాట.

ఆదివారం రాజమండ్రి వస్తే మా పాత మైదానంలో నాలుగు రౌండ్లు స్పారింగ్ పెట్టిస్తాను. మూడు రౌండ్లకు అలవాటుపడిన ఊపిరి నాలుగో దాంట్లో ఏం చేస్తుందో నీకే తెలుస్తుంది. ఎడమ చేతి వాటమా, పేరుకే లెఫ్ట్ హుక్కా?

కాకినాడ_లెఫ్ట్_హుక్
కుడి చేతి వాటమే సార్. హుక్ మాత్రం ఎడమదే బాగా పడుతుంది. ఆదివారం వస్తాను, మావయ్యను కూడా తీసుకొస్తాను.

అంబాజీపేట_కొబ్బరి
డాక్టరు గారూ, ఆదివారానికి ముందు వీడికి ఏ పరీక్షలు చేయించాలో చెప్పండి. అక్కకు చూపించడానికి నా చేతిలో ఒక కాగితమైనా ఉండాలి.

రావులపాలెం_డాక్టర్
మెదడుకు ఎమ్మారై ఒకటి తీయించి దాచుకోండి, తరువాతి ఏళ్లలో తీసేవాటితో పోల్చడానికి ఇది ఆధారంగా ఉంటుంది. కంటి పరీక్షలో రెటీనా చూడమని ప్రత్యేకంగా చెప్పండి. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ రక్త పరీక్షలు ప్రొఫెషనల్ లైసెన్సుకు చాలా చోట్ల ఎలాగూ అడుగుతారు. ఈసీజీ తీయించండి. ఈ మధ్య సాధనలో ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలి కళ్లు బైర్లు కమ్మడం, వాంతి కావడం, ఆ తరువాత ఏం జరిగిందో గుర్తు లేకపోవడం వంటివి ఉంటే ఆదివారం స్పారింగ్ వద్దు, ముందు నా దగ్గరకు తీసుకురండి. ప్లాస్టిక్ కోటు ఇంట్లో ఉంటే అది కూడా వెంట తీసుకురండి, నా దగ్గరే ఉంచుకుంటాను.

కాకినాడ_లెఫ్ట్_హుక్
కోటు నాది కాదు డాక్టరు గారూ, హాస్టల్ స్నేహితుడిది. అడిగి తెస్తాను. తలకు దెబ్బ తగిలి బైర్లు కమ్మడం పోయిన నెలలో ఒకసారి జరిగింది, ఇంట్లో చెప్పలేదు.

రావులపాలెం_డాక్టర్
అయితే ఆదివారం రాజమండ్రి కాదు, శనివారం రావులపాలెం. పాత_గ్లవ్స్ గారు ఏమీ అనుకోరు.

పాత_గ్లవ్స్
ఏమీ అనుకోను. డాక్టరు గారు సరేనన్నాకే గ్లవ్స్ తొడుగుదాం.